ఏం చదువుతున్నారండీ?

శుక్రవారం మార్నింగ్ షో వదిలేసరికి సినిమా ఎలా ఉందో ఊరంతా తెలిసిపోతుంది. ఫస్టాఫ్ బాగుందట, సెకండాఫ్ సాగదీశాడట, పాటల కోసమైనా ఒకసారి చూడొచ్చట. చూసినవాళ్లు చెప్పకుండా ఆగలేరు, చూడనివాళ్లు అడగకుండా ఉండలేరు. కొత్తగా తెరిచిన బిర్యానీ హోటలు, మోకాళ్ల నొప్పులకు మంచి డాక్టరు, పెళ్లిచీరలకు ధర్మవరం వెళ్లాలా కంచి వెళ్లాలా, పిల్లవాణ్ని ఏ కాలేజీలో వేయాలి... ఇలాంటివన్నీ మనకు నోటిమాట మీదే తెలుస్తాయి. ఒకరు చెప్పింది వింటాం, మనకు తెలిసింది ఇంకొకరికి చెబుతాం. అడక్కపోయినా చెబుతాం. ఇంత చనువుగా మంచీచెడ్డా చెప్పుకునే మనుషులం పుస్తకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోరు విప్పం. రాత్రి పన్నెండింటి దాకా మేలుకుని నవల పూర్తిచేసిన మనిషి పొద్దున ఆఫీసులో క్రికెట్ గురించి మాట్లాడతాడు తప్ప ఆ నవల ఊసెత్తడు. ఎత్తితే మేధావి ఫోజు అనుకుంటారని జంకు. వినేవాళ్లకు విసుగేమోనని అనుమానం. తెలుగు పుస్తకానికి వచ్చిన కష్టాలు చెప్పమంటే కాగితం ధర, కొరియర్ ఛార్జీలు, సెల్‌ఫోన్ అంటూ వరసపెట్టి చెబుతాం. ఈ మౌనాన్ని మాత్రం లెక్కలోకి తీసుకోం. నా దృష్టిలో అన్నిటికంటే దీని వాటాయే ఎక్కువ.

చదివేవాళ్లే లేనప్పుడు చెప్పుకోవడానికేముంది అనేవాళ్లున్నారు. అది నిజం కాదనడానికి సాక్ష్యం ఏటా కళ్లముందే కనబడుతోంది. డిసెంబరు చలిలో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌కూ, కొత్త సంవత్సరం తొలిరోజుల్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవానికీ సెలవురోజు సాయంత్రం వెళ్తే స్టాళ్ల మధ్య నడవడానికి సందు దొరకదు. ఆ జనంలో ఎవరో ఒకరిని కాసేపు గమనించండి. బల్ల మీది పుస్తకం తీస్తారు, వెనక అట్ట తిరగేస్తారు, ధర చూస్తారు, ఉన్నచోటే పెట్టేస్తారు. ఇంకోటి తీస్తారు, మళ్లీ అదే వరస. చివరికి కౌంటర్లో ఉన్న కుర్రవాణ్ని ‘మంచి పుస్తకం ఏదైనా ఉంటే చెప్పండి’ అని అడుగుతారు. ఆ కుర్రవాడు పాపం ఉదయం నుంచి బిల్లులు కొట్టి అలసిపోయి ఉంటాడు. ఎక్కువగా పోతున్న పుస్తకమేదో అది చేతికిస్తాడు. ఇక్కడ డబ్బుకు లోటు లేదు, ఆసక్తికీ లోటు లేదు. టిక్కెట్టు కొని, ట్రాఫిక్‌లో పడి, అంతదూరం వచ్చిన మనిషి ఆయన. ఏది తన పుస్తకమో చెప్పేవాళ్లు లేకే ఒట్టి చేతులతో వెళ్లిపోతున్నాడు. లేదంటే వ్యక్తిత్వ వికాసం పుస్తకం ఒకటి కొనుక్కుని పోతున్నాడు. ఆయన్ని పాఠకుడు కాదనే హక్కు మనకు లేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు ఎనిమిది కోట్ల పైచిలుకు. ఒక కొత్త కథల సంపుటి మొదటి ముద్రణ మాత్రం సాధారణంగా ఐదు వందలో వెయ్యో కాపీలు. ఆ కాపీల్లో కొన్ని రచయిత బంధుమిత్రులకు పోతాయి, కొన్ని పత్రికలకు సమీక్ష కోసం వెళ్తాయి, మిగిలినవి అమ్ముడుపోవడానికి ఏళ్లు పట్టడం ప్రచురణ రంగంలో ఎవరికీ వింత కాదు. హైదరాబాద్, విజయవాడ, మరికొన్ని పట్టణాలు దాటితే పుస్తకాల షాపు అన్న బోర్డు కింద దొరికేది టెన్త్ గైడ్లు, గ్రూప్స్ మెటీరియల్. కథల పుస్తకానికి పోస్టర్లుండవు, టీజర్లుండవు, టీవీలో ఇంటర్వ్యూలుండవు. కోట్లు పోసి ప్రచారం చేసుకున్న సినిమాకు కూడా చివరికి నోటిమాటే దిక్కవుతున్నప్పుడు, ప్రచారమే లేని పుస్తకానికి అది తప్ప వేరే దారేది? ఒక పాఠకుడు ఇంకో పాఠకుడికి చెప్పడం మిగతా భాషల్లో అమ్మకాలకు అదనపు సాయమైతే కావచ్చు. తెలుగులో పుస్తకానికి ఉన్న ఏకైక రవాణా మార్గం అదే.

ఇది ఇవాళ కొత్తగా వచ్చిపడ్డ పరిస్థితి కాదు. మన గ్రంథాలయోద్యమ చరిత్రను భవనాల చరిత్రగా, శంకుస్థాపనల చరిత్రగా చెప్పుకోవడం అలవాటైంది. 1901లో హైదరాబాద్‌లో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం మొదలైంది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది, ఆ మరుసటి ఏడే అయ్యంకి వెంకటరమణయ్య ‘గ్రంథాలయ సర్వస్వము’ పత్రిక తెచ్చారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పుట్టింది. ఈ తేదీలన్నీ సరే. కానీ ఆ పెద్దలు అసలు చేసిన పని పుస్తకాలను పేర్చడం కాదు, వాటిని మనుషుల దగ్గరికి నడిపించడం. చదువురాని వాళ్లను కూర్చోబెట్టి పత్రిక చదివి వినిపించారు. ఊరూరా తిరిగి ఫలానా పుస్తకంలో ఫలానా సంగతి ఉందని చెప్పారు. గుంటూరు జిల్లా పెదపాలెం నుంచి పనిచేసిన పాతూరి నాగభూషణం 1935లో ఏకంగా పడవలో గ్రంథాలయం పెట్టి కాలువ వెంబడి ఊళ్లకు పుస్తకాలు పంపారు. ఆ కాలువ గట్టు మీద నిలబడ్డ రైతు దగ్గర పుస్తకాల పట్టిక లేదు, పత్రికల్లో సమీక్షలు చదివే తీరిక లేదు. ఏది తీసుకోవాలో ఎవరో ఒకరు చెప్పాలి. పడవలో వచ్చినవాడైనా చెప్పాలి, కిందటిసారి పుస్తకం తీసుకున్న పక్కింటాయనైనా చెప్పాలి. ఆ చెప్పడమే లేకపోతే కాలువ పొడుగునా ఎన్ని పుస్తకాలు తిప్పినా అవి పడవలోనే ఉండిపోయేవి.

తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి కథ ఇంకా గట్టిది. సభ పెట్టుకోవాలన్నా నిజాం సర్కారు అనుమతి కావలసిన కాలం అది. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, తాను అచ్చువేసిన పుస్తకాలను తానే మోసుకుని ఊరూరా తిరిగి అమ్మారాయన. ‘ప్రజల మనిషి’ నవల రాసిన మనిషి, జైలుకు వెళ్లిన మనిషి, సంచి భుజాన వేసుకుని ఇంటిముందు నిలబడి ఈ పుస్తకం ఎందుకు చదవాలో చెప్పేవాడు. పంపిణీ వ్యవస్థ అంటూ మనం ఇవాళ పెద్ద పేర్లు పెట్టి వెతుక్కుంటున్నది ఆ నాలుగు మాటలనే. తర్వాతి కాలంలో విశాలాంధ్ర సంచార పుస్తకాలయం వ్యాను చిన్న చిన్న పట్టణాల్లో ఆగినప్పుడూ జరిగింది ఇదే. మాస్కోలో అచ్చయిన గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్‌ల తెలుగు అనువాదాలు కారుచౌక కనుక అంతగా చదివారని తేల్చేస్తుంటారు. చౌక కావడం నిజమే. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు అక్కడికి వెళ్లి అనువాదాలు చేశారన్నదీ నిజమే. కానీ చౌకగా దొరికే ప్రతిదాన్నీ జనం చదవరు. గోర్కీ ‘అమ్మ’ నవలను ఒక కార్మికుడి చేతిలోంచి ఇంకో కార్మికుడి చేతిలోకి, ఒక విద్యార్థి గదిలోంచి పక్క గదిలోకి నడిపింది ‘ఇది నువ్వు చదవాల్సిందే’ అన్న స్నేహితుడి పట్టుదల. 1980లో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తొలి పుస్తకంగా వచ్చిన ‘ఏడు తరాలు’ సంగతీ అంతే. అలెక్స్ హేలీ పేరు అంతకుముందు వినని పల్లెల్లో సహవాసి తెలుగు చేసిన ఆ పుస్తకం చేతులు మారి మారి అట్ట ఊడిపోయే దాకా తిరిగింది.

ఒక్క పుస్తకాన్ని దగ్గరగా చూద్దాం. డాక్టర్ పి. శ్రీదేవి రాసిన నవల ఒకే ఒక్కటి, ‘కాలాతీత వ్యక్తులు’. 1957-58లో ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. 1961లో, నిండా ముప్ఫై అయిదేళ్లు రాకుండానే ఆవిడ చనిపోయారు. రెండో నవల లేదు కనుక దాని వెలుగులో మొదటిది బతికే అవకాశం లేదు. తన పుస్తకం గురించి సభల్లో మాట్లాడటానికి రచయిత్రి లేరు. ఈ నవల ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది, కానీ సినిమా చూసి నవల వెతుక్కున్నవాళ్లకంటే నవల చదివి సినిమా గురించి పెదవి విరిచినవాళ్లే ఎక్కువగా తగులుతారు. మరి ఇన్ని దశాబ్దాలుగా అది మళ్లీ మళ్లీ అచ్చవుతూ ఎలా ఉంది? చదివినవాళ్లు చెప్పడం వల్ల. ఆ చెప్పడంలోనూ ఒక తీరుంది. ‘గొప్ప నవల’ అని ఎవరూ ఊరుకోరు. ‘అందులో ఇందిర అని ఒకమ్మాయి ఉంటుంది, చూడు’ అంటారు. మేడ మీద గదిలో అద్దెకున్న మెడికల్ విద్యార్థి ప్రకాశం, కింద సంసారం భారమంతా మోస్తున్న ఇందిర, వాళ్ల మధ్యకు వచ్చిన కల్యాణి. వీళ్లలో ఎవరిది తప్పు అన్న వాదన మొదలవుతుంది. ఇందిర స్వార్థపరురాలని ఒకరంటారు. బతకనేర్చిన మనిషని, ఆ రోజుల్లో అలా నిలబడటానికి ఎంత ధైర్యం కావాలని ఇంకొకరంటారు. మూడో మనిషికి ఆ తగువేమిటో తెలుసుకోవాలనిపిస్తుంది, పుస్తకం అడిగి తీసుకుంటుంది. నవలను ఇన్నేళ్లు మోసుకొచ్చింది ఆ తగువు. ఏ అవార్డూ ఆ పని చేయలేదు, ఏ సిలబస్సూ చేయలేదు.

ఇక వారపత్రికల కాలం, అద్దె పుస్తకాల షాపుల కాలం. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం మన సాహిత్య చర్చల్లో పాత జబ్బు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ కోసం, ఆ తర్వాత యండమూరి ‘తులసిదళం’ కోసం పాఠకులు వారం వారం, నెల నెలా ఎదురుచూసిన రోజులవి. ఒక ఇంట్లో పత్రిక కొంటే వరసలో నాలుగిళ్లు చదివేవి. సీరియల్ పేజీలు చింపి, వరసగా పెట్టి, దబ్బనంతో కుట్టి, బైండు చేయించి దాచుకున్న పుస్తకాలు ఇప్పటికీ కొన్ని ఇళ్లలో బీరువాల అడుగున కనిపిస్తాయి. రోజుకు పావలా, అర్ధరూపాయి అద్దెకిచ్చిన నవల ఏదైనా పాత పుస్తకాల గుట్టలో దొరికితే చివరి ఖాళీ పేజీ చూడండి. అక్కడ పెన్సిల్‌తో, రకరకాల చేతిరాతల్లో అభిప్రాయాలుంటాయి. బాగుందని ఒకరు, హీరోయిన్‌కు బుద్ధి లేదని ఇంకొకరు, ఏడుపొచ్చిందని మరొకరు, ముగింపు ముందే తెలిసిపోతుందని కింద ఇంకెవరో. పేర్లుండవు. ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోని మనుషులు, ఎక్కువగా ఆడవాళ్లు, రాబోయే పాఠకురాలి కోసం రాసిపెట్టిన మాటలవి. వాటిలో ఒక్కటి కూడా మెప్పు కోసం రాసింది కాదు. తెలుగులో అంతకంటే నిజాయితీ గల సమీక్షా పేజీ ఏ పత్రికా నడపలేదంటే అతిశయోక్తి అనుకోను.

ఆ పాఠకురాళ్లనే నమ్ముకుని మాలతీ చందూర్ ఒక పెద్ద పని చేశారు. ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షిక కింద నెలకో ఆంగ్ల నవలను తెలుగు పాఠకులకు పరిచయం చేశారు. ఆవిడ పరిచయాలు కథంతా చెప్పేస్తాయని, చదివినవాళ్లు అసలు పుస్తకం జోలికి పోరని అప్పట్లో విమర్శించినవాళ్లున్నారు. ఆ విమర్శలో కొంత న్యాయం ఉంది. కానీ ఆ మూల పుస్తకం దొరకని ఊళ్లో, దొరికినా చదివేంత ఇంగ్లిషు రాని ఇంట్లో, మధ్యాహ్నం వంటింటి పని ముగించుకుని కూర్చున్న మనిషికి హార్డీ, డికెన్స్, బ్రాంటీ సోదరీమణులు పేర్లతో సహా పరిచయమయ్యారంటే అది ఆవిడ చలవే. పండితురాలి ఎత్తు నుంచి కాకుండా, తోటి పాఠకురాలిగా, నేనిది చదివాను మీకు చెబుతాను అన్న గొంతుతో చెప్పడం వల్లే అది సాధ్యమైంది. ఇంకో కొసన చలం ఉన్నాడు. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకంగా రావడానికి పదేళ్ల ముందే, 1940లో, దానికి ఆయన రాసిన ముందుమాట ‘యోగ్యతాపత్రం’ ఇవాళ ఆ కవితలతో సమానంగా జనం గుర్తుపెట్టుకున్న రచన. దాంట్లో ఛందస్సు చర్చ లేదు, ఎక్కడెక్కడ ఏ అలంకారముందో లెక్కలు లేవు. ఈ పద్యాలు చదివితే ఒక మనిషికి ఏమవుతుందో ఉంది. మంచి సిఫారసు ఎలా ఉండాలని ఎవరైనా అడిగితే ఆ ముందుమాట చూపిస్తే చాలు.

ఇవన్నీ దగ్గర పెట్టుకుని చూస్తే, పుస్తకం చెప్పడంలో ఏది పనిచేస్తుందో ఏది చేయదో తెలుస్తుంది. ‘తప్పక చదవాల్సిన వంద పుస్తకాలు’ లాంటి జాబితాలు చాలా తక్కువగా పనిచేస్తాయి. అవి చదవనివాణ్ని సిగ్గుపడేలా చేస్తాయి, చదివినవాణ్ని గర్వపడేలా చేస్తాయి, కొత్త పాఠకుణ్ని మాత్రం తయారుచేయవు. ‘మీకు బాగా నచ్చిన పుస్తకం ఏది?’ అన్న ప్రశ్న కూడా అలాంటిదే. ఆ ప్రశ్న వినగానే మనిషి సర్దుకుని కూర్చుని, తన హోదాకు తగ్గ పేరొకటి వెతుక్కుంటాడు. పదిమందిని అడిగితే ‘వేయిపడగలు’, ‘మహాప్రస్థానం’, ‘చివరకు మిగిలేది’ తిరిగి తిరిగి వస్తాయి. అవి గొప్పవి కావని కాదు. కానీ ఆ జవాబులో చాలాసార్లు ఇరవయ్యేళ్ల కిందటి జ్ఞాపకమే ఉంటుంది. ‘ఇప్పుడేం చదువుతున్నారు?’ అని అడగండి, మాట మారిపోతుంది. సగం చదివిన పుస్తకం గురించి ఎవరూ తీర్పు చెప్పలేరు. ‘యాభై పేజీలు అయ్యాయి, ఇంకా కథలో పడలేదు, కానీ ఆ ముసలాయన ఏం చేస్తాడో చూడాలనుంది’ అంటారు. ఆ మాటలో సందేహముంది, ఆశ ఉంది. అన్నిటికీ మించి, ఎదుటివాడు కూడా అదే పుస్తకం మొదలుపెడితే కలిసి నడిచే వీలుంది. పూర్తయిన పుస్తకం గురించి ఉపన్యాసమిస్తాం, చదువుతున్న పుస్తకం గురించి కబుర్లు చెబుతాం. మనుషులు పుస్తకాల దగ్గరికి వచ్చేది కబుర్లు వినే.

చెప్పేవాళ్లు వినేవాళ్లను ఎరగడం ఇంకా ముఖ్యం. స్కూలు వదిలాక పుస్తకం ముట్టని మేనల్లుడికి ‘వేయిపడగలు’ చేతికిస్తే ఆ అబ్బాయి జన్మలో మళ్లీ పుస్తకం పట్టడు. అదే అబ్బాయికి సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ ఇవ్వొచ్చు. మూడు నాలుగు పేజీలకో కథ, బస్సు ఎక్కి దిగేలోగా ఒకటి అయిపోతుంది. ముసల్మాను ఇంటి లోపలి ఆప్యాయత ఎలా ఉంటుందో తెలియని పిల్లలకు మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’ ఇవ్వొచ్చు. థ్రిల్లర్లు చూసేవాడికి కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఇచ్చి, ‘తప్పిపోయిన పందికోసం ఒక ముసలాయన అడవిలోకి వెళ్తాడు, ఒక్క రాత్రి జరిగే కథ’ అని మాత్రం చెప్పి వదిలేయాలి, మిగతాది పుస్తకం చూసుకుంటుంది. నామిని ‘పచ్చనాకు సాక్షిగా’ గోదావరి జిల్లా మనిషికి ఇచ్చేటప్పుడు మొదటి పది పేజీలు చిత్తూరు యాసకు కొంచెం తడబాటు ఉంటుందని, పైకి చదువుకుంటే చెవికి పట్టేస్తుందని ముందే చెప్పాలి. ఎక్కడ కష్టమవుతుందో చెప్పని సిఫారసు సగం సిఫారసే. మొదటి అధ్యాయంలో విసిగి పక్కన పెట్టేసిన పాఠకుడు తప్పు తనదే అనుకుంటాడు, తనకు సాహిత్యం అర్థం కాదని నిర్ణయించుకుంటాడు. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఆ నష్టం జరగదు.

ఈ పనంతా ఇప్పుడు యంత్రాలు చేస్తున్నాయి కదా, మీకు నచ్చేవి ఇవీ అంటూ ఫోనే చూపిస్తోంది కదా అంటారు. ఇంగ్లిషు పుస్తకాల విషయంలో అది కొంతవరకు ఒప్పుకోవచ్చు. అక్కడ ఒక్కో నవలకు లక్షల మంది నక్షత్రాలు ఇస్తారు, ఆ రాశిలోంచి యంత్రం ఏదో ఒక పోలిక పట్టుకోగలదు. పదిహేనుమంది కూడా అభిప్రాయం రాయని తెలుగు కథాసంపుటి గురించి యంత్రానికి తెలిసేదేముంది? దాని దగ్గర సరుకే లేదు. సరుకున్నా, నిన్న మీకు నచ్చినదాన్ని బట్టే అది రేపటిది చూపిస్తుంది. డిటెక్టివ్ నవలలు చదివే మనిషికి జీవితంలో ఒక దశలో గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ అవసరమవుతుందని పట్టుకోగలిగేది ఆ మనిషి ముఖం చూసిన స్నేహితుడే.

దీనికంటే గట్టి అభ్యంతరం మొహమాటం. తెలుగు సాహిత్య లోకం చిన్నది, అందరూ అందరికీ తెలుసు. ఆవిష్కరణ సభలో వేదిక మీదున్న ఆరుగురూ ఇది ఈ దశాబ్దపు గొప్ప పుస్తకమంటారు. వచ్చే నెల ఇంకో సభలో ఇంకో పుస్తకం గురించి ఆ ఆరుగురే అదే మాటంటారు. నమ్మి కొన్న పాఠకుడు రెండుసార్లు మోసపోతాడు, మూడోసారి కొనడు. ఇది నిజం. దీన్ని ఒప్పుకోకుండా మిగతా ఏ మాట చెప్పినా చెల్లదు. కానీ దీనికి మందు సిఫారసులు మానేయడం కాదు, వాటిని వేదిక మీద నుంచి దించడం. జేబులోంచి రెండొందల యాభై రూపాయలు పెట్టి కొని, రెండు సాయంత్రాలు వెచ్చించి చదివిన మనిషికి రచయిత పట్ల మొహమాటం లేదు. చెడ్డ పుస్తకం అంటగడితే రేపు స్నేహితుడి ముందు తలెత్తుకోవాల్సింది తనే కనుక జాగ్రత్తగా చెబుతాడు. ‘నాకు నచ్చలేదు’ అనడం కూడా ఆ జాగ్రత్తలో భాగమే. నచ్చలేదని ఎప్పుడూ అనని మనిషి నచ్చిందన్నా నమ్మబుద్ధి కాదు. ఎంపికలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. 1990 నుంచి ఏటా ‘కథాసాహితి’ వేస్తున్న సంకలనాల మీద ఎన్ని తగాదాలు వచ్చినా వాటికి విలువ నిలబడిందంటే, ఎంపిక చేసినవాళ్లు పేర్లు పెట్టుకుని, ఏడాది పొడుగునా వచ్చిన కథలు చదివి, ఇవీ మా ఎంపిక అని బాధ్యత తీసుకున్నందువల్లే.

ఒకరు చెప్పారని అందరూ అదే చదవడం మంద మనస్తత్వం అని విసుక్కునేవాళ్లకు ఇటీవలి ఉదాహరణ ఒకటి సిద్ధంగా ఉంటుంది. రవి మంత్రి ‘అమ్మ డైరీలో కొన్ని పేజీలు’ ఇన్‌స్టాగ్రామ్ వీడియోల ద్వారా కుర్రకారులోకి వెళ్లి, తెలుగు నవలలు ఈమధ్య కాలంలో చూడని స్థాయిలో అమ్ముడైంది. దాని సాహిత్య విలువ గురించి వాదించుకోవచ్చు, వాదించుకోవాలి కూడా. కానీ అంతకుముందు తెలుగు పుస్తకం కొనని ఇరవయ్యేళ్ల అమ్మాయి ఒక పుస్తకం కొని, చదివి, ‘తర్వాత ఏం చదవమంటారు?’ అని అడిగినప్పుడు పెద్దలు చేసిందేమిటి? ఎక్కువమంది వెటకారమాడారు. నువ్వు చదివింది సాహిత్యమే కాదు పొమ్మన్నారు. ఇది నాకు బాధ కలిగించే విషయం. యద్దనపూడి పాఠకురాళ్లను చూసి నవ్విన తరమే ఈ తరాన్ని చూసీ నవ్వుతోంది. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ‘కాలాతీత వ్యక్తులు’ ఎంత చక్కటి జవాబు! ఆ జవాబు చెప్పగలిగినవాళ్లు నోరు విప్పకపోతే ఆమె రెండో పుస్తకం కొనదు. మంద పోగైందని తిట్టడం కంటే ఆ మందలో ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, ఒక్కొక్కరికి ఒక్కో పుస్తకం చూపించడం మేలైన పని.

పుస్తకాలు ఇచ్చిపుచ్చుకుంటే రచయితకు నష్టమన్న వాదనను ఎక్కువసేపు పట్టించుకోనక్కర్లేదు. అరువు తెచ్చుకుని చదివిన అలవాటు నుంచే కొనే అలవాటు పుడుతుంది. పీడీఎఫ్‌లు అక్రమంగా పంచడం మాత్రం వేరే సంగతి, అది దొంగతనమే. ఇచ్చిన పుస్తకం తిరిగిరాదన్న భయం మటుకు న్యాయమైనది. పరుల చేతికి వెళ్లిన పుస్తకం గురించి సంస్కృతంలో శ్లోకమే ఉందంటే ఈ బాధ ఎంత పాతదో ఊహించుకోవచ్చు. తీసుకున్న పుస్తకం నెలలోగా తిరిగివ్వడం, చదవకపోయినా ఇచ్చేయడం మర్యాద. తిరిగి ఇచ్చేటప్పుడు నాలుగు మాటలు చెప్పడం అంతకంటే పెద్ద మర్యాద. ఏ మాటా లేకుండా వెనక్కొచ్చిన పుస్తకాన్ని చూసి ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారు, ఇంకోటి ఇవ్వడానికి చెయ్యి రాదు. చెప్పిన పుస్తకం దొరకకపోవడం ఇంకో చిక్కు. ముద్రణ అయిపోయిన మంచి పుస్తకం కోసం ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ దగ్గర ఎన్ని వారాలు తిరిగినా ఫలితముంటుందన్న హామీ లేదు. అయితే అడిగేవాళ్లు పదిమంది పోగైతే ప్రచురణకర్త తిరిగి అచ్చువేయడం ఇప్పుడు మునుపటంత భారం కాదు, వంద కాపీలు కూడా వేసుకునే సాంకేతికత వచ్చింది. అందుకైనా అడగాలి, చెప్పాలి.

తెలుగు పుస్తకాల షాపే లేనిచోట ఈ అలవాటు ఎంత బలంగా నిలబడగలదో చూపించినవాళ్లూ ఉన్నారు. డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ 1998లో మొదలైంది. సభ్యులు ముందే ఒక తెలుగు పుస్తకం అనుకుని, అందరూ చదువుకుని వచ్చి, దాని గురించి మాట్లాడుకుంటారు. సన్మానాలు, శాలువాలు, జ్యోతిప్రజ్వలనలు లేని పద్ధతి అది. పుస్తకం చదవకుండా వచ్చి ఉపన్యాసమిచ్చే వీలు అందులో లేదు. మంచుదేశంలో, ఉద్యోగాల మధ్య, పుస్తకాలు సముద్రాలు దాటి తెప్పించుకుని వాళ్లు చేస్తున్న పని మన గుంటూరులో, కరీంనగర్‌లో, అనంతపురంలో చేయడానికి అడ్డేమిటో ఆలోచించాలి. ఐదుగురు చాలు. అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్ స్థలం చాలు. వాట్సాప్ గ్రూపులో గుడ్‌మార్నింగ్ బొమ్మల మధ్య వారానికొకసారి చదువుతున్న పేజీ గురించి రెండు వాక్యాలు చాలు.

ఈ వారం ఒక్కరికైనా మీరు చదువుతున్న పుస్తకం పేరు చెప్పండి. ఎన్నో పేజీలో ఉన్నారో, ఏది బాగుందో, ఎక్కడ విసుగు పుట్టిందో దాచకుండా చెప్పండి. ఏమీ చదవడం లేదా, అయితే చదివేవాళ్లను అడగండి. పుస్తకం కొనే స్తోమత లేకపోతే మీ ఊరి శాఖా గ్రంథాలయానికి వెళ్లండి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మీరు కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. అంటే మీరు అడగబోయే పుస్తకానికి డబ్బు ముందే కట్టేశారు. లోపలికి వెళ్లి, ఫలానా పుస్తకం తెప్పించమని కాగితం మీద పేరు రాసి లైబ్రేరియన్ చేతికివ్వండి.